ఆయన దెబ్బలచేత స్వస్థత అంటే డయాలసిస్ మానేయమనా? మా నాన్న గురించి అడుగుతున్నాను

ఉద్దానం కూతురు:

అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. పొడుగైతే ఏమీ అనుకోకండి, కడుపులో ఉన్నదంతా ఒకేసారి వచ్చేస్తోంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు పల్లె. నాన్నకి అరవై రెండేళ్ళు. కొబ్బరి తోటే మా ఆస్తి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి సగం చెట్లు పడిపోయాయి, మిగిలినవి చూసుకుంటూ ఉండగానే ఆయనకి కాళ్ళ వాపులు, తర్వాత రక్త పరీక్ష, క్రియాటినిన్ ఎక్కువ, కిడ్నీలు పాడయ్యాయన్నారు, ఇక మిగతా కథ ఉద్దానం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మా వీధిలోనే ఇంకో ముగ్గురున్నారు. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు.

ఈమధ్య పక్క ఊళ్ళో మూడు రాత్రులు స్వస్థత కూటాలు పెట్టారు. మా సంఘం వాళ్ళు కాదు, ప్రసంగీకులు బయట నుంచి వచ్చారు. శనివారం రాత్రి యెషయా 53 తీశారు. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." కలుగబోవుచున్నది అని లేదు, కలుగుచున్నది అని ఉంది, అంటే మీ రోగం సిలువ మీదే పోయింది, అది నమ్మకుండా మీరింకా మిషన్ కింద పడుకుంటున్నారంటే ఆయన దెబ్బలు మీకు చాల్లేదన్నమాట, ఇలా సాగింది. నాన్న చెయ్యెత్తారు. నూనె రాసి ప్రార్థన చేశారు. ఇంటికొచ్చి అమ్మతో "నాకు నయమైపోయినాది, పిల్లలకి సెప్పకు, వచ్చే ఆదివారం సాక్ష్యంలో నానే సెప్తాను" అన్నారట.

సోమవారం వెళ్ళలేదు. బుధవారం వెళ్ళలేదు. నేను పలాసలో అత్తగారింట్లో ఉన్నాను, నాకేమీ తెలీదు. గురువారం రాత్రి రెండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. పడుకుంటే ఊపిరి అందట్లేదని మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నారంట, ముఖం ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా ఉన్నాయంట. 108లో తీసుకెళ్ళారు. ఇంకొంచెం ఆలస్యమైతే తెచ్చి లాభం లేకపోయేది అని డాక్టరు అన్నారు.

ఒంటికి ఇప్పుడు బాగానే ఉంది. మనిషే బాగోలేదు. "నా విశ్వాసం చాల్లేదేటమ్మా? బుధవారం దాకా నిలబడ్డాను, గురువారం భయపడిపోయాను, అందికే పోయినాది" అంటున్నారు. పోయిన ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) దగ్గర పళ్ళెం తన ముందుకొస్తే తీసుకోకుండా పక్కాయనకి అందించేశారు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. దానికి తోడు దాహం. చెంబెత్తి గడగడా తాగే మనిషికి రోజుకి లీటరు లోపే అన్నారు. ఎండలు ముదురుతున్నాయి. మేం చూడనప్పుడు కుండ దగ్గరికి వెళ్ళి తాగుతున్నారు, తాగి దొంగతనం చేసినట్టు కూర్చుంటున్నారు.

అసలు ఆ వచనానికి అర్థం ఏమిటి? నాన్నకి ఏం చెప్పాలి? ఇంకొకటి, అడగడానికి సిగ్గేస్తోంది కానీ అడుగుతాను. ఆ ప్రసంగీకుడి మీద నాకు పట్టరాని కోపంగా ఉంది, రాత్రి నిద్రలో కూడా అతనితో దెబ్బలాడుతున్నాను. మా అత్తగారేమో "క్రీస్తును పోలి నడుచుకోవాలమ్మా, ఆయన ఒక్క మాటైనా అన్నాడా, సహించు" అంటున్నారు. సహించడం అంటే నోరు మూసుకోవడమేనా? ఇదంతా చాలదన్నట్టు గుడ్ ఫ్రైడేకి మా సంఘంలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఐదో మాట మీద మాట్లాడమని నాకిచ్చారు. "నేను దప్పిగొనుచున్నాను." మా నాన్న ఎదురుగా కూర్చుని ఉండగా దాహం గురించి నేనేం మాట్లాడను?

మిషన్ పక్కన మనిషి:

అక్కా, నేను శ్రీకాకుళంలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. దేవుడి సంగతి పెద్దలు చెబుతారు, నేను నాకు తెలిసింది చెబుతాను. ఒక్క పూట కూడా మానొద్దు. నీరు పేరుకుపోవడం బయటికి కనిపిస్తుంది, వాపు, ఆయాసం. పొటాషియం పెరగడం కనిపించదు, అది గుండెని ఆపేస్తుంది. మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతాడు. మీ నాన్నగారు ఆరు రోజులు తట్టుకున్నారంటే నేనైతే దాన్నే అద్భుతం అంటాను.

దాహానికి: ముందు ఉప్పు తగ్గించండి. ఎండు చేపలు, ఆవకాయ, సాయంత్రం మిక్చర్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీళ్ళకి తాళం వేసినా ఉపయోగం లేదు. ఫ్రిజ్‌లో చిన్న చిన్న ఐస్ ముక్కలు చేసి పెట్టండి, ఒక గుక్క నీళ్ళ కన్నా ఒక ముక్క నోట్లో ఎక్కువసేపు ఉంటుంది. నోరు పుక్కిలించి ఉమ్మేయొచ్చు. టీ, మజ్జిగ, చారు, అంబలి, మాత్రలకి తాగే నీళ్ళు అన్నీ లెక్కలోకే వస్తాయి కాబట్టి ఒక నోటుబుక్ పెట్టి రాయండి, ఆయన చేతే రాయించండి, కాపలా కాయకండి. ఎంత తాగొచ్చన్నది మాత్రం ఆయన్ని చూసే డాక్టరు చెప్పినదే లెక్క, మనిషికీ మనిషికీ మారుతుంది. కొబ్బరి నీళ్ళు అస్సలు వద్దు, పొటాషియం. ఉద్దానం మనిషికి ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు నోరు రాదు, చుట్టూ కొబ్బరి చెట్లే కదా.

ఇంకో మాట. ఆయన ఫిస్టులా చేతిని (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేసిన చెయ్యి) ఎప్పుడైనా ముట్టుకుని చూశారా? మణికట్టు పైన వేళ్ళు ఆనిస్తే జుయ్యిమని కొట్టుకుంటూ ఉంటుంది. రోజూ చూడాలి, ఆ జుయ్యి ఆగిపోతే వెంటనే తీసుకురావాలి. ఇంట్లోవాళ్ళు చాలామంది ఆ చెయ్యి చూసి భయపడి ముట్టుకోరు.

నాగావళి గట్టు:

ఆ కూటాలు పెట్టినది ఎవరో పేరు రాయండి, పదిమందీ నిలదీస్తాం.

ఉద్దానం కూతురు:

పేరు రాయను బ్రదర్. నేను అడిగింది దానికి కాదు.

పాత మాస్టారు, బొబ్బిలి:

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని, సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. కొంచెం పాఠం చెప్పినట్టుంటుంది, ఓర్చుకో.

ఆ వచనాన్నే మొదటి పేతురు 2:24లో మళ్ళీ ఎత్తుకున్నాడు, "ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి" అని. అందరూ అక్కడ ఆగిపోతారు. ఆరు వచనాలు వెనక్కి వెళ్ళి ఎవరికి రాశాడో చూడు. "పనివారలారా" అని మొదలవుతుంది. ఇంటి దాసులు. ముష్కరులైన యజమానుల చేతిలో, తప్పు చేయకపోయినా దెబ్బలు తినేవాళ్ళు. ఇక్కడ గాయములు అని మనవాళ్ళు అనువదించిన మాటకి గ్రీకులో కొరడా తగిలి తేలిన చార అనే అర్థం, మన తెలుగులో వాత. వీపు మీద వాతలు తేలిన దాసులకి పేతురు రాస్తున్నాడు: మీ ప్రభువు వీపు కూడా ఇలాగే ఉండేది అని. ఆ ఉత్తరం చదివిన మర్నాడు వాళ్ళ వీపులు నున్నగా అయిపోలేదు, యజమాని మారలేదు. మరి ఏం నయమైంది? అదే వచనంలో ఉంది, "మనము పాపముల విషయమై చనిపోయి, నీతివిషయమై జీవించునట్లు" అని. ఆ పైన "మీరు గొఱ్ఱెలవలె దారితప్పిపోతిరి" అని కూడా. దారి తప్పినవాడు కాపరి దగ్గరికి తిరిగి రావడం, ఆ వాక్యంలో స్వస్థత అది.

అందుకని ఒంటి జబ్బుతో ప్రభువుకి సంబంధం లేదని కాదు. మత్తయి 8వ అధ్యాయంలో పేతురు అత్తగారి జ్వరం పోయాక ఇదే యెషయా 53 నుంచి "ఆయనే మన బలహీనతలను వహించుకొని మన రోగములను భరించెను" అని రాశాడు. ఒంటికీ ఉంది. కానీ ఎప్పుడు, ఎలా అన్నది మన చేతి గడియారం కాదు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. త్రోఫిముని జబ్బుగా ఉంటే మిలేతులో వదిలి వచ్చాడు. తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పాడే కానీ నీ విశ్వాసం చాల్లేదు అనలేదు. పౌలు వెంట చివరిదాకా ఉన్న లూకా ఎవరు? వైద్యుడు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడిని చూసి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళి దుడ్లు కట్టాడు. ఆ కథ చెప్పినది స్వయంగా యేసే.

మీ పక్కనే సోంపేట ఉంది కదా. అక్కడ మిషను ఆసుపత్రిలో కెనడా నుంచి వచ్చిన బెన్ గల్లిసన్ డాక్టరు గారు ఎన్ని వేలమందికి కళ్ళు తెప్పించారో మా పెద్దవాళ్ళు కథలుగా చెప్పేవారు. ఆయన చెప్పిన సంగతులు విని కల్గరీలో ఒక వ్యాపారి 1963లో కంటి వైద్యానికి ఒక సంస్థే పెట్టాడు. ఆ ఆసుపత్రిలో చూపు వచ్చినవాడు "యేసు నాకు చూపిచ్చాడు" అంటే అబద్ధమా? కత్తి డాక్టరుది కాబట్టి కాదా? మీ నాన్నగారి డయాలసిస్ మిషను కూడా అంతే అనుకోమను.

ఇంకొకటి, పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు వీడు పాపం చేశాడా వీడి అమ్మానాన్నా అని అడిగితే ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. ఉద్దానంలో ఊళ్ళకి ఊళ్ళే ఈ జబ్బుతో ఉన్నాయి, కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులే తేల్చలేకపోయారు. ఇంతమందికీ ఒకేసారి విశ్వాసం తగ్గిందా?

విజయనగరం బ్రదర్:

ప్రైజ్ ది లార్డ్. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని నేను కూడా అనను, అక్కగారి నాన్నగారి విషయం విని బాధేసింది. కానీ ఇక్కడ చదువుతుంటే స్వస్థత అంటే ఆత్మకే అని తేల్చేసి ఒంటి జబ్బుకి ప్రార్థన చేసేవాళ్ళని పిచ్చోళ్ళని చేసేటట్టున్నారు. మా అమ్మకి గర్భసంచిలో గడ్డ, ఇంటికి తీసుకెళ్ళిపొండి అన్నారు. మా ఇంట్లో ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన. పదకొండేళ్ళు అయింది, ఇవాళ పొద్దున కూడా నాకు చోడి అంబలి కాచి పోసింది. నేను దీన్ని ఎలా కాదనను? రోగికి సంఘ పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలన్న యాకోబు 5:14 బైబిల్లో ఉందా లేదా? తప్పు ఆ ఒక్క ప్రసంగీకుడిది, వాగ్దానానిది కాదు.

పాత మాస్టారు, బొబ్బిలి:

బాబూ, మీ అమ్మగారిది నేను కాదనను, ఆవిడకి నా వందనాలు చెప్పు. యాకోబు 5:14 ఉంది, మా సంఘంలో నూనె రాసి ప్రార్థన చేసేది నేనే. మా ఇంటావిడ కోసం కూడా నలభై రోజులు ఉన్నాం. వెళ్ళిపోయింది. ఆవిడ కన్నా విశ్వాసం ఉన్న మనిషిని నేను చూడలేదు, ఆఖరి రోజు కూడా నర్సుల కోసం ప్రార్థన చేసింది. నేను ముప్పై నాలుగేళ్ళు పేపర్లు దిద్దాను, నా మాట విను. బతికినవాళ్ళకి నూటికి నూరు, పోయినవాళ్ళకి సున్నా వేసే పద్ధతి మాత్రం పెట్టకు. ఆ పేపర్లు దిద్దేది మనం కాదు.

విజయనగరం బ్రదర్:

మాస్టారూ, తెలీక రాశాను, క్షమించండి. ఆ మార్కుల మాట గుచ్చుకుంది. మా అమ్మ కూడా ఇది చదివించుకుని, "నాకు నయమైనాదని నువ్వు అందరి మీదా ఎగరకు" అంది. అయినా కూటాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి, అదొక్కటే నా మనవి.

సాలూరు అప్ప:

చెల్లీ, మాస్టారు చెప్పాక వాక్యం గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను ఇరవై ఏళ్ళకి పైగా కుష్ఠు రోగుల పుళ్ళు కట్టే పని చేశాను. సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి సంగతి ఈ పక్కవాళ్ళకి తెలుసు (సాలూరు ఇప్పుడు మన్యం జిల్లా అయినా మా నోటికి ఇంకా విజయనగరమే వస్తుంది). నేను చేసింది ఊళ్ళు తిరిగే పని.

ఆ పనిలో చేరినప్పుడు కుష్ఠు అంటే వేళ్ళు కుళ్ళి రాలిపోవడం అనుకునేదాన్ని. కాదు. నరం చచ్చిపోతుంది, నొప్పి తెలీదు, అంతే. మిగతాదంతా ఆ నొప్పి తెలియకపోవడం వల్లే. ఒకాయన సంతకి వెళ్ళి నడిచి వచ్చి నా ముందు కూర్చున్నాడు. చెప్పు విప్పమంటే రావట్లేదు. చూస్తే మేకు, చెప్పులోంచి పాదంలోకి దిగి ఉంది. ఆయన నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, ఆయనకి నొప్పి ఉన్నందుకు కాదు, లేనందుకు. మందులు ఉన్నాయి, ఆరు నెలలో ఏడాదో వాడితే క్రిములు చచ్చిపోతాయి, ఇంకొకరికి అంటదు. కానీ చచ్చిన నరం చాలామందికి తిరిగి రాదు. అంటే జబ్బు నయమైన మనిషే, కానీ జీవితాంతం రోజూ పాదాలు చూసుకోవాలి. నయమవడం అనే మాటకి ఇన్ని అంతస్తులు ఉన్నాయని అక్కడే తెలిసింది.

మేం చేసేది పెద్ద వైద్యం ఏమీ కాదు. బేసిన్‌లో నీళ్ళు పోసి ఇరవై నిమిషాలో అరగంటో కాళ్ళు నానబెట్టడం, మందంగా గట్టిపడిన చర్మం రాయితో నెమ్మదిగా రుద్దడం, తడి ఆరకముందే నూనె రాయడం. తర్వాత లోపల మెత్తటి రబ్బరు ఉన్న చెప్పులు. పాదం అడుగు చూడాలంటే వంగితే చాలదు, నేల మీద కూర్చుని పాదం నీ ఒళ్ళో పెట్టుకోవాలి. మొదటి నెల నేను ఊపిరి బిగబట్టుకుని చేసేదాన్ని. యోహాను 13 చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ వింటూనే ఉన్నాను, శిష్యుల కాళ్ళు కడగడానికి యేసు తువాలు నడుముకి కట్టుకున్నాడు, పళ్ళెంలో నీళ్ళు పోశాడు అని. దానికి ఇంత వాసన ఉంటుందని ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు.

నీ కోపం గురించి. మీ అత్తగారు చెప్పింది నిజమే, ఆయన బదులు దూషించలేదు. కానీ మౌనంగా ఉన్నాడు అన్నది అంతా నిజం కాదు. ప్రధానయాజకుడి ఇంట్లో బంట్రోతు చెంప మీద కొడితే "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము, మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు, యోహాను 18:23. తిట్టలేదు, శపించలేదు, అడిగాడు. నువ్వు కూడా అడుగు. ఆ ప్రసంగీకుడిని పిలిచినవాళ్ళు మీ పక్క ఊరివాళ్ళే కదా, మీ పాస్టరు గారిని, మీ తమ్ముడిని తీసుకుని వెళ్ళి కూర్చుని, మా నాన్న ఇలా అయ్యారు, మీ కూటం తర్వాత డయాలసిస్ మానినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, బేగి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పండి అను. నీ కోపానికి పని దొరుకుతుంది. పని లేని కోపమే రాత్రి నిద్రలోకి వస్తుంది.

తనని పట్టించబోయే యూదా కాళ్ళు కూడా కడిగాడు అని వింటాం కదా. నాకు ఇప్పటికీ అది అర్థం కాలేదు, అర్థమైందని చెప్పేవాళ్ళని నమ్మను కూడా. కడిగాడు అని మాత్రం తెలుసు.

మీ నాన్నగారితో వాదించకు. చెయ్యి పట్టుకో. ఆ టెక్నీషియన్ తమ్ముడు చెప్పాడే, ఆ చెయ్యి.

ఉద్దానం కూతురు:

అందరికీ థాంక్స్. ఇవాళ ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. గుడ్ ఫ్రైడే అయ్యాక మళ్ళీ రాస్తాను.

మిషన్ పక్కన మనిషి:

అప్పగారి మాట విని ఆ ఊరు వెళ్ళారా? వేరేవాళ్ళెవరైనా మానేసి ఉంటే నాకు అదే టెన్షన్.

ఉద్దానం కూతురు:

వెళ్ళాం. పాస్టరు గారు, తమ్ముడు, నేను. కూటాలు పెట్టిన పెద్దాయన మొదట మమ్మల్ని కూర్చోమనలేదు. నాన్న మంచం పట్టె పట్టుకుని కూర్చున్న ఫోటో తమ్ముడి ఫోన్‌లో ఉంది, అది చూపించాడు. ఆయన చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకున్నారు. ఇంకొకావిడ ఉన్నారట, షుగర్, ఇన్సులిన్ మానేశారట, ఆయనే లేచి చొక్కా వేసుకుని మాతో పాటు వాళ్ళింటికి వచ్చారు. ఆవిడ మళ్ళీ మొదలెట్టారు. ప్రసంగీకుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం పోయిందని చెప్పను కానీ నిద్ర పడుతోంది.

గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన, రేకుల షెడ్డు, లోపల నిప్పుల కొలిమి. నాన్న రెండో వరసలో ఫ్యాన్ కింద. ఆ రోజు శుక్రవారం కాబట్టి డయాలసిస్ పొద్దున్న పూటే చేయించుకుని నేరుగా వచ్చారు, చేతికి కట్టు అలాగే ఉంది. నేను నాలుగు పేజీలు రాసుకున్నాను, మాస్టారి పాయింట్లు కూడా పెట్టాను. నాలుగో మాట అయ్యేసరికి ఆయన ముఖం చూశాను, పెదాలు తడుపుకుంటున్నారు. పేజీలు మడిచేశాను.

నేను చెప్పింది చాలా తక్కువ. సిలువ వేసే ముందు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన తీసుకోలేదు, నొప్పి తెలియకుండా చేసేదాన్ని వద్దన్నాడు. చివరికి వచ్చేసరికి తానే అడిగాడు, నాకు దాహంగా ఉందని. అందరి ముందూ అడిగాడు, శత్రువుల దగ్గర అడిగాడు. వాళ్ళు ఇచ్చింది ఒక స్పంజీ తడి, అదీ పులిసింది. పుచ్చుకున్నాడు. దేవుని కుమారుడికి దాహమేమిటి, విశ్వాసం తగ్గిందా అని ఆయన్ని ఎవరైనా అడుగుతారా? మా ఇంట్లో కూడా ఒకరికి దాహం వేస్తుంది, ఆయన మా దగ్గర దాస్తున్నారు, దాయొద్దని చెబుతున్నాను. అంతే చెప్పి కూర్చున్నాను. ఏడ్చానేమో, గుర్తులేదు. ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఆరో మాట చెప్పే అంకుల్ ఇంకా సిద్ధంగా లేరు, కంగారుగా లేచారు.

ఇంటికొచ్చాక నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని "అమ్మా, దాహమేస్తంది" అన్నారు. రెండేళ్ళలో మొదటిసారి అడగడం. గ్లాసులో రెండు ఐస్ ముక్కలు తెచ్చి ఇచ్చాను. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే జుయ్యిమంటోంది, తుమ్మెద గుప్పిట్లో ఉన్నట్టు. సూదులు గుచ్చిన చోటల్లా గట్టి కాయల్లా ఉన్నాయి. నాన్న నా వేలు పట్టుకుని ఒక్కొక్క దాని మీదా పెట్టి, ఇది ఫలానా రోజు నాలుగుసార్లు గుచ్చింది, ఇది కొత్త కుర్రోడు గుచ్చింది అని చెప్పారు. కాసేపాగి "తోమాకి సూపించినప్పుడు ఆయన సేతులకీ ఇలాగే ఉండుంటాయి, లేచినాక కూడా ఉంచుకున్నాడు కదా, మాన్పేసుకోనేదు" అన్నారు. అది నేను చెప్పింది కాదు, నాలుగు పేజీల్లో కూడా లేదు.

ఈస్టర్ రోజు బల్ల ఉంది. పళ్ళెం వచ్చినప్పుడు నేను అటు చూడకూడదని తల వంచుకున్నాను. మోచేత్తో పొడిచారు. చిన్న గ్లాసు చేతిలో పట్టుకుని "ఇదెంతుంటాది, లెక్కలో రాయాల?" అని చెవిలో అడిగారు. తెలీదు నాన్నా, పది మిల్లీ ఉంటుందేమో అన్నాను.

ఇంటికొచ్చాక నోటుబుక్ తీసి చూశాను, ఆయన రాతే: టీ 100. మాత్రలు 50. ప్రబువు బల్ల 10.

మిషన్ పక్కన మనిషి:

పది మిల్లీకి ఏమీ కాదని చెప్పండి అక్కా. సోమవారం మానొద్దని కూడా చెప్పండి.